ఎందుకైనా మంచిదని కట్టిన మూట

వార్త తెచ్చింది ఒక గువ్వ. తెచ్చిందంటే నింపాదిగా కొమ్మ మీద వాలి, గొంతు సవరించుకుని చెప్పిందనుకునేరు! రెక్కలు ఊడిపోతాయేమో అన్నట్టు ఎగురుకుంటూ వచ్చి, ఎర్రగుట్ట మీదున్న బొరియలన్నిటికీ కలిపి ఒక్క కేక పెట్టింది.

“పూసింది! పూసిందర్రోయ్! వెదురుకోనలో వెదురు పూసింది! గింజ రాలుతోంది!”

ఇంకెక్కడి నిలకడ! అడవికోళ్ళు అరుపులు మొదలెట్టాయి. పందికొక్కులు పిల్లల్ని లెక్క కూడా చూసుకోకుండా దారి పట్టాయి. మరి వెదురు పూయడమంటే మాటలా? ఏటేటా పూసే మామిడి కాదది. ఒకసారి పూసిందంటే మళ్ళీ పూసేది నలభై ఏళ్ళకి. పూసి, గింజంతా రాల్చి, పొదకి పొదే ఎండి కూలిపోతుంది. తొలివాన పడిందా, రాలిన గింజ మొలకెత్తిపోతుంది. ఆ తరవాత వెళ్ళి చూసేదీ లేదు, తినేదీ లేదు.

ఆ కేక విని అందరికంటే ఎక్కువ ఎగిరి గంతేసింది ముళ్ళపంది గురవమ్మ. వాళ్ళ అమ్మమ్మ వెదురు పూత కోసం బతుకంతా ఎదురుచూసింది పాపం. ఒక పూతకి తరవాత పుట్టి, ఇంకో పూతకి ముందు పోయింది. పోయేముందు గురవమ్మని దగ్గరికి పిలిచి, “నాకు రాసిపెట్టి లేదు, నువ్వన్నా చూడవే. నాలుగు గింజలు తెచ్చి మన గుట్ట మీద పాతు” అంది. ఎర్రగుట్ట మీద వెదురు కార్చిచ్చుకి కాలిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు.

“వెళ్తున్నా అమ్మమ్మా, వెళ్తున్నా!” అంటూ గురవమ్మ బొరియలో గిరగిరా తిరిగింది. ఇప్పుడు తప్పితే ఈ జన్మకి లేదు. వెదురుకోన నాలుగు రోజుల నడక. మధ్యలో నీడ లేని నెత్తిబండ, దాని కింద ఉరుము వాగు. వాగు దాటడానికి ఉన్నది ఒకే ఒక్క మద్ది దుంగ. పై కొండల మీద గట్టి వాన పడితే ఆ దుంగ ఉండదు. పడమటేమో అప్పుడే మబ్బులు మూగుతున్నాయి.

మరి వెంటనే బయల్దేరాలా, వద్దా? గురవమ్మ సర్దుకోవడం మొదలెట్టింది.

ఇక్కడ గురవమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. నోరు మంచిది, మనసు మంచిది, కానీ ఏ వస్తువూ పారెయ్యలేదు. ముళ్ళపందుల వంశమే అంత. దారిలో ఎముక కనిపిస్తే ఇంటికి, కొమ్ము కనిపిస్తే ఇంటికి. వాళ్ళ గుమ్మం ముందు చూస్తే సంత జరిగి వెళ్ళినట్టుంటుంది. మనకైతే మూట కట్టడానికి గుడ్డ కావాలి, బుట్ట కావాలి. గురవమ్మకి అవేం అక్కర్లేదు. వీపు నిండా ముళ్ళేగా! ఒక్కో ముల్లుకీ ఒక్కోటి తగిలించుకోవడమే.

నీళ్ళు నింపిన సొరకాయ బుర్రలు రెండు తగిలించింది. ఎండబెట్టిన దుంప ముక్కలు ఆకులో చుట్టి గుచ్చింది. బాగానే ఉంది. ఆగిందా? వాన వస్తే నెత్తి మీద వేసుకోవడానికి తాటాకు గిడుగు, ఎందుకైనా మంచిది. లోయలో పడితే పైకి రావడానికి నారతాడు, ఎందుకైనా మంచిది. గుంపుగా వేటాడే రేసుకుక్కలు దగ్గరికి రాకుండా ఎక్కడో దొరికిన ఆవుగంట. ఉన్న ముళ్ళు ఊడిపోతే పెట్టుకోవడానికి పోయినేడు రాలిన ముళ్ళ కట్ట. దుంగ మీద గాలి లేపెయ్యకుండా బరువు కోసం ఒక గుండ్రాయి. చివరికి పగిలిన కుండపెంకు కూడా.

“దాంతో ఏం చేస్తావే?” అనడిగింది పక్క బొరియ కుందేలు, చంకలో ఒక్క క్యారెట్ కూడా లేకుండా దారిలో నిలబడి.

“ఏమో, ఎందుకైనా మంచిది” అంది గురవమ్మ.

“అయితే నువ్వు నింపాదిగా రా తల్లీ” అని కుందేలు మూడు దూకుల్లో మాయమైపోయింది.

అన్నిటికంటే ఆఖర్న, అన్నిటికంటే పైన, అమ్మమ్మ దుప్పికొమ్ము తగిలించుకుంది గురవమ్మ. మూరన్నరకి పైన కొమ్ము. ముళ్ళపందులు పళ్ళు పదును పెట్టుకోవడానికి కొమ్ములు కొరుకుతాయి కదా, దాని నిండా అమ్మమ్మ పళ్ళగాట్లే. దాన్ని వదిలి వెళ్ళడమా? ఆ మాటే వద్దు.

బయల్దేరింది. ఉత్సాహం గుట్ట దిగేదాకా బాగానే ఉంది. మధ్యాహ్నానికి అడుగడుక్కీ ఆగాల్సొచ్చింది. సాయంత్రానికి తలప్రాణం తోకకొచ్చింది. ఒక్కో అడుగుకీ గంట ఖణేల్మంటోంది, రాయి ఒకవైపు లాగుతోంది, కొమ్ము ఇంకోవైపు లాగుతోంది. మొదటి రోజు నడవాల్సిన దాంట్లో సగం కూడా నడవలేదు. ఉసూరుమంటూ ఉప్పునేల దగ్గర చతికిలబడింది.

ఉప్పునేల దగ్గర బొల్లన్న అనే ముసలి ఎద్దు ఉండేవాడు. ఒకప్పుడు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు బస్తాలు వీపు మీద వేసుకుని కొండలు దాటిన పెరికెద్దు. ఒక వర్షాకాలం బిడారం నుంచి తప్పిపోయి అడవిలోనే ఉండిపోయాడు. వయసు మీద పడ్డా ఉప్పు మీద మోజు మాత్రం పోలేదు. నేల నాకుతూనే తలెత్తి చూశాడు.

“ఎవరే అది? సంతా, మనిషా?”

“నేనే తాతా, గురవమ్మని. వెదురుకోనకి వెళ్తున్నా!”

“వెళ్తున్నావా, ఇల్లు మారుస్తున్నావా?”

గురవమ్మ మూతి ముడుచుకుంది. బొల్లన్న నవ్వి దగ్గరికొచ్చాడు.

“కోపం తెచ్చుకోకు అమ్మాయ్. మా పెరికెద్దులకి ఒక పద్ధతుంది. పొద్దుగూకితే బరువంతా దించాల్సిందే, ఎంత అలసినా సరే. దించాక ఒక్కోదాన్నీ చూసి, ‘నిన్నెందుకు మోస్తున్నానే?’ అని అడగాలి. ‘ఫలానా పనికి’ అని జవాబొస్తే మళ్ళీ ఎత్తుకోవాలి. ‘ఎందుకైనా మంచిది’ అని వచ్చిందనుకో, అక్కడే వదిలెయ్యాలి.”

“ఎందుకు తాతా, ఎందుకైనా మంచిదే కదా?”

“అది వస్తువు కాదే, భయం. వస్తువుకి బరువుంటుంది, సరే. భయానికి రోజురోజుకీ బరువు పెరుగుతుంది. మూడో రోజు తెలుస్తుందిలే నీకు.”

గురవమ్మ అన్నీ దించింది. తాడు వైపు చూసింది, పడితే ఎలా అనుకుంది. గంట వైపు చూసింది, రేసుకుక్కలు గుర్తొచ్చాయి. రాయి వైపు చూస్తే దుంగ మీద గాలి కళ్ళకి కట్టింది. బొల్లన్న చూస్తుండగా మొహమాటానికి కుండపెంకు ఒక్కటి పక్కన పెట్టింది.

“ఆ కొమ్ము?”

“అది మా అమ్మమ్మది తాతా.” గురవమ్మ కొమ్ముని దగ్గరికి లాక్కుంది. “ఆవిడ చూడలేకపోయింది. కనీసం ఆవిడ పళ్ళగాట్లన్నా వెదురు పూత చూడాలి.”

బొల్లన్న కొమ్ముని ఒకసారి వాసన చూశాడు.

“దాన్ని నేను అడగను. ఎందుకు మోస్తున్నావో తెలుస్తూనే ఉంది. కానీ మూరన్నరంతా మొయ్యాలా? రోజూ కాస్త కొరుక్కో. బరువూ తగ్గుతుంది, పళ్ళూ బాగుంటాయి.”

“అమ్మమ్మ కొమ్ముని కొరకడమా!”

“మీ అమ్మమ్మ ఏం చేసిందే మరి? పూజ చేసిందా?”

ఆ మాట గురవమ్మకి నచ్చింది. ఆ పూట కొమ్ము మొదలు నుంచి జానెడు కొరికేసింది. తెల్లారి లేచి ఎంచక్కా బయల్దేరింది. పది అడుగులు వేశాక వెనక్కొచ్చి, బొల్లన్న అటు తిరిగినప్పుడు చూసి కుండపెంకు తీసుకుని తగిలించుకుంది. ఏం చెప్పమంటారు ఆవిడతో!

రెండో రోజు ఎక్కుడు దారిలో పరదేశి తగిలాడు. పరదేశి అంటే నక్క. చేతులూపుకుంటూ, ఈల వేసుకుంటూ, నీళ్ళ చుక్క గానీ తిండి గానీ లేకుండా వస్తున్నాడు. వాడి దారీ వెదురుకోనకే. వాడికి వెదురు గింజలెందుకూ అంటారా? గింజలు తినడానికి చేరే ఎలుకలున్నాయిగా! వెదురు పూసినప్పుడు కోనంతా ఎలుకలే. ఆ మాట తలుచుకునే వాడు లొట్టలేస్తున్నాడు.

“వదినా! గురవమ్మొదినా! ఏంటమ్మా ఇది, బండి లేకుండా బండి సామానంతా మోస్తున్నావు?”

“నీకెందుకు మరిదీ, నీ దారిన నువ్వు పో.”

“అయ్యో, కష్టం చూస్తూ పోతానా? బరువు తగ్గించడంలో నా అంత తెలిసినవాడు ఈ చుట్టుపక్కల లేడు. నన్ను చూడు, ఒంటి మీద ఒక్క వస్తువుందా? దించు, దించు. నేను చూస్తాగా.”

గురవమ్మకి కాళ్ళు పీక్కుపోతున్నాయి. “కొమ్ము జాగ్రత్త, అది మా అమ్మమ్మది” అంటూ దించింది. పరదేశి ఒక్కోదాన్నీ తోకతో తట్టి చూస్తూ, తల పంకిస్తూ, పెద్ద వైద్యుడిలా మొహం పెట్టాడు.

“ఈ నీళ్ళ బుర్రలే వదినా, నీ ప్రాణం తీస్తున్నవి. నీళ్ళంత బరువు ఇంకేదీ ఉండదు. ఈ దుంప ముక్కలు కూడా. ఇవి నాకియ్యి. నేను మోస్తా.”

“నిజంగానా మరిదీ?”

“ఊరికే అంటానా? ఈ కొమ్మూ, గంటా, రాయీ మాత్రం నన్నడక్కు. కొమ్ము మీ అమ్మమ్మదంటున్నావు, దారిలో ఎక్కడైనా పడిపోతే పాపం నాకు చుట్టుకుంటుంది. అవి నువ్వే జాగ్రత్తగా పెట్టుకో.”

ఎంత మంచివాడో చూడండి! గురవమ్మ కళ్ళు చెమర్చాయి. పరదేశి బుర్రలు మెడకి తగిలించుకున్నాడు, దుంప పొట్లం పట్టుకున్నాడు. ఆ రోజంతా కబుర్లు చెబుతూ నడిచాడు. గురవమ్మ అడిగిన ప్రతిసారీ, “వచ్చేస్తుంది వదినా నీడ, అక్కడ తాగుదువులే” అన్నాడు. సాయంత్రం కొమ్ము కొరుక్కుంటూ ఆకలి మరిచిపోయింది గురవమ్మ. ఇంకో జానెడు తగ్గింది.

మూడో రోజు నెత్తిబండ. ఏం ఎండ, ఏం ఎండ! చెట్టు లేదు, పుట్ట లేదు. కాలు పెడితే చుర్రుమంటోంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి గురవమ్మ నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

“మరిదీ, ఒక్క గుక్క. ఒక్క గుక్క ఇవ్వు, నడవలేకపోతున్నా.”

పరదేశి బుర్రలు రెండూ తిరగేసి చూపించాడు. ఒక్క చుక్క రాలలేదు.

“ఏవి? నీళ్ళేవి?”

“తేలిక చేశా వదినా!”

“దుంప ముక్కలు?”

“అవీ తేలిక చేశా. నువ్వే కదా బరువు తగ్గించమన్నావు? బుర్రలోది కడుపులోకి మార్చా. కడుపులో ఉంటే మోసినట్టే ఉండదు, చూసుకో!” అని వాడు కిసుక్కున నవ్వాడు.

గురవమ్మకి ఒళ్ళు మండిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ముళ్ళపందికి అంత కోపమొస్తే ఏమవుతుంది? ముళ్ళన్నీ ఒక్కసారి జివ్వున లేచి నిలబడ్డాయి. లేచీ లేవగానే వాటికి తగిలించినవన్నీ ఎగిరి చెల్లాచెదురయ్యాయి! గంట ఖంగున అటు పడింది, గిడుగు ఇటు పడింది, కుండపెంకు వంద ముక్కలైంది, గుండ్రాయి దొర్లుకుంటూ పోయి సరిగ్గా పరదేశి కాలి మీద పడింది.

“చచ్చాన్రోయ్!” అని వాడు ఒంటికాలి మీద గెంతాడు.

గురవమ్మ వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచి, అలాగే ఉండిపోయింది. ఏంటిది? కాళ్ళ కింద నేల ఉందా, లేదా? వీపు వీపులా లేదు, ఎవరో మోస్తున్నట్టుంది. ఒక అడుగు వేసి చూసింది. రెండు వేసింది. ఇంకో నాలుగు అడుగులు పరుగే తీసింది! మూడు రోజులుగా తను నడవడం లేదు, సామాను నడుస్తోంది, తను దాని కింద పాకుతోంది. ఆ సంగతి అప్పుడు తెలిసింది ఆవిడకి. బొల్లన్న తాత మూడో రోజన్నాడు, మూడో రోజే అయింది.

ఆ పరుగులోనే ముక్కుకి ఒక పచ్చి వాసన తగిలింది. బండ పగుల్లో ఎండిన తీగ ఒకటుంది. దాని మొదట్లో గోళ్ళతో గబగబా తవ్వింది. అడుగు లోతులో బొద్దుగా ఒక దుంప, కొరికితే నోటి నిండా నీళ్ళు! గురవమ్మకి నవ్వొచ్చింది. తవ్వడం పుట్టుకతో వచ్చినదాన్ని, కాళ్ళకి ఇంతింత గోళ్ళున్నదాన్ని, ఎండు దుంపలు మోసుకొచ్చానే అనుకుంది.

సాయంత్రానికి బండ చివరికి చేరారు. కింద లోయలో ఉరుము వాగు సన్నగా కనిపిస్తోంది. అవతల పచ్చగా మొదలై పసుపుపచ్చగా మారుతున్న కోన. అదే! గురవమ్మ గుండె దడదడలాడింది. పరదేశికి మాత్రం నోరు ఎండిపోతోంది. పొద్దున తాగిన నీళ్ళు ఎంతసేపుంటాయి?

“వదినా, ఒక్క దుంప ముక్క పెట్టవూ?”

“ముందు నా బరువు సర్దుకోనీ మరిదీ.”

చెల్లాచెదురైనవన్నీ మధ్యాహ్నమే ఏరి, చివరిసారిగా ఎత్తుకొచ్చింది గురవమ్మ, పెరికెద్దుల పద్ధతిలో అడిగి మరీ వదలాలని. వరసగా పెట్టి, గుండ్రాయిని దగ్గరికి లాక్కుంది.

“నిన్నెందుకు మోస్తున్నానే? ఉరుము వాగు దుంగ మీద గాలి నన్ను లేపేస్తుందేమోనని. ఎందుకైనా మంచిదని.” దాన్ని పక్కకి దొర్లించేసింది.

పరదేశి చెవి ఒకటి ఇటు తిరిగింది.

“గాలా? ఏం గాలి వదినా?”

గురవమ్మ ఆ చెవిని చూసింది. చూడగానే ఆవిడకొక చిలిపి ఆలోచన తట్టింది. ఓహో, ఒంటి మీద ఏమీ లేనివాడివి, మనసులో చోటు చాలా ఉన్నట్టుందే నీకు!

“ఏముంది మరిదీ, అందరూ అనుకునేదే. తేలికవాళ్ళని ఆ గాలి అమాంతం లేపేస్తుందట. కుచ్చుతోక ఉన్నవాళ్ళని మరీ ముందు. నాకు కుచ్చుతోక లేదుగా, నాకెందుకీ రాయి?”

పరదేశి తోక కాళ్ళ మధ్యలోకి దూరింది.

“ఈ గంటేమో రేసుకుక్కలు రాకుండా. అవి ముళ్ళున్నవాళ్ళ జోలికి రావనుకో. మెత్తటి ఒళ్ళు చూస్తేనే వెంటపడతాయి. నాకెందుకిది?”

“మెత్తటి ఒళ్ళా?” పరదేశి తన పొట్ట తడుముకున్నాడు.

“తాడు, లోయలో కాలు జారితే. నాలుగు కాళ్ళూ బాగున్నవాళ్ళు జారరులే. కుంటుతున్నవాళ్ళకి అవసరం.”

రాయి పడిన కాలు వాపెక్కి ఉంది మరి. పరదేశి గుటకలు మింగాడు. గిడుగు పిడుగులకి మంచిదట అంది, ముళ్ళ కట్ట ముళ్ళు లేనివాళ్ళకి ఎంత ధైర్యమో అంది. ఒక్కటీ దాచకుండా తన భయాలన్నీ పేరుపేరునా చెప్పి, కొంచెం కొంచెం కొసరు కలిపి, అక్కడే బండ మీద వదిలేసింది. కొమ్ము మాత్రం ఉంచుకుని, ఇంకో జానెడు కొరికింది. వేలెడు కొన మిగిలింది. దాన్ని ఒకే ఒక్క ముల్లుకి గుచ్చుకుంది. దుంప ముక్క ఒకటి పరదేశికి విసిరింది. కడుపు మాడ్చే అలవాటు లేదు ఆవిడకి.

తెల్లారి చూస్తే బండ మీద ఒక్క వస్తువు లేదు. పరదేశి నడుముకి తాడు చుట్టుకుని, దానికి రాయి కట్టుకుని, మెడలో గంట, నెత్తి మీద గిడుగు, పక్కటెముకల మీద ముళ్ళ కట్ట, ఖాళీ బుర్రలు రెండూ వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

“ఇదేంటి మరిదీ? ఒంటి మీద ఒక్క వస్తువు లేనివాడివి?”

పరదేశి నీళ్ళు నమిలాడు. “అంటే... నువ్వెలాగూ పారేశావు కదా వదినా... ఎందుకైనా మంచిదని...”

గురవమ్మ నవ్వు ఆపుకోవడానికి నేల వైపు చూసింది.

నాలుగో రోజు దిగుడు దారి. పడమర నల్లగా కమ్ముకొచ్చింది. గురవమ్మ దిగడం లేదు, దొర్లుతున్నట్టే పోతోంది! మొదటి రోజు పోగొట్టుకున్న దూరమంతా ఆ ఒక్క పూటలో రాబట్టింది. వెనక నుంచి ఖణ ఖణ, ఖణ ఖణ, “ఆగు వదినా, ఆగవే” అని కేకలు. వాగు దగ్గరికి వచ్చేసరికి పై కొండల మీద ఉరుములు. వాగులో నీళ్ళు ఎర్రబడుతున్నాయి. పైన వాన పడిపోయిందన్నమాట! దుంగ అంచుల్ని నీళ్ళు నాకుతున్నాయి.

గురవమ్మ ఒక్క క్షణం దుంగ ముందే ఆగింది. గాలి నిజంగానే ఈడ్చి కొడుతోంది. రాయి ఉంటే బాగుండునేమో అనిపించింది కూడా. అంతలో ముల్లు మీద అమ్మమ్మ కొమ్ము కొన కదిలింది. “పోనీ, చూద్దాం!” అని కళ్ళు పెద్దవి చేసుకుని దుంగ ఎక్కింది. గోళ్ళు చెక్కలోకి దిగాయి. ఒకటి, రెండు, పది, ఇరవై అడుగులు! గాలి ముళ్ళ సందుల్లోంచి ఈల వేసుకుంటూ పోయిందే తప్ప ఆవిణ్ణి కదపలేకపోయింది. అవతలి గట్టు మీద దూకేసి, “దాటేశా! దాటేశానోయ్!” అని గట్టిగా అరిచింది.

వెనక్కి తిరిగి చూస్తే పరదేశి దుంగ మీద నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. గాలికి గిడుగు పైకి లాగుతోంది, రాయి కిందకి లాగుతోంది. మధ్యలో వాడు ఊగిపోతున్నాడు. దుంగ కిర్రుమంటోంది.

“పడెయ్ మరిదీ! అన్నీ పడేసి ఒక్క పరుగు తియ్యి!” గురవమ్మ నిజంగానే అరిచింది. ఎంత మోసం చేసినా ప్రాణం కదా!

“గాలి లేపేస్తే?”

“ఏ గాలీ లేపదయ్యా! నేను దాటాగా, చూశావుగా!”

“నీకు ముళ్ళున్నాయి! నాకేమున్నాయి?”

“నీకు నాలుగు కాళ్ళున్నాయి, అవి చాలు. ఆ రాయి ఒక్కటన్నా వదులు!”

వాడు రాయి ముడి మీద చెయ్యి వేశాడు. అంతలో గాలి ఒక్క ఊపు ఊపింది. ముడి వదిలి రాయినే గట్టిగా కావలించుకున్నాడు. దుంగ మధ్యలో ఫెళ్ళున విరిగింది. పరదేశి కెవ్వుమని వెనక్కి దూకి, బురదలో పడి, గంట మోగించుకుంటూ బయల్దేరిన గట్టుకే పాకాడు. విరిగిన దుంగని ఎర్రనీళ్ళు గిరగిరా తిప్పుకుంటూ తీసుకుపోయాయి.

“వదినా! ఎలుకలు! నా ఎలుకలు!” అని వాడు లబోదిబోమన్నాడు.

“దాహమన్నావుగా మరిదీ!” గురవమ్మ చెయ్యూపింది. “తాగినన్ని నీళ్ళు, వాగు నిండా!”

ఇక ఆగలేదు. ఒక్క పరుగు! పొద్దు వాలే వేళకి వెదురుకోనలో అడుగుపెట్టింది.

ఎక్కడ చూసినా కంకులే. ఆకుల్లేని వెదుళ్ళు ఆకాశమంత ఎత్తున గడ్డిరంగు కంకులతో వంగి ఉన్నాయి. గాలి కదిలితే చాలు, గింజలు ఎండుటాకుల మీద జలజలా రాలుతున్నాయి. అడవికోళ్ళు, పందికొక్కులు, నిన్ననే చేరిన కుందేలు, ఎవరి నోరూ ఖాళీగా లేదు. చినుకు ఇంకా కోన దాకా రాలేదు.

“ఏమే గురవమ్మా, నక్కతోక తొక్కి వచ్చావా? సరిగ్గా సమయానికి అందుకున్నావే!” అంది ఒక అడవికోడి.

“తొక్కలేదు పిన్నీ, దానికి బరువు కట్టి వచ్చా” అంది గురవమ్మ.

కొమ్ము కొన తీసి ఒక వెదురు పొద మొదట్లో నిలబెట్టింది. “చూడవే అమ్మమ్మా, పూసింది” అంది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు, నెత్తి మీద గింజలు.

వానలన్నీ అక్కడే గడిపి, వాగు తగ్గాక తిరుగుదారి పట్టింది. ఈసారి వీపు మీద ముళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయిగా! ముల్లు ముల్లుకీ ఒక్కో వెదురు కంకి, పొడి బొరియలో దాచి ఉంచినవి. వాగు ఒడ్డున పరదేశి ఎదురయ్యాడు. మనిషి సగమైపోయాడు. తడికి తాడు బిగుసుకుపోయి గంట మెడలోంచి రావడం లేదట. ఆ చప్పుడుకి ఎలుక మాట అటుంచండి, మిడత కూడా దగ్గరికి రావడం లేదట.

“వదినా, కొరికి పెట్టవే. నీ పళ్ళకి ఒక్క లెక్కా?”

“కొరుకుతాలే మరిదీ. ముందు నా నీళ్ళ బుర్రలు నింపి పట్టుకురా. ఈసారి తేలిక చెయ్యకు.”

వాడు నోరెత్తకుండా నింపి తెచ్చాడు. గురవమ్మ తాడు కొరికింది. రాయి దబ్బున నేల మీద పడింది. ఆ రోజు నుంచి పరదేశి ఎవరికీ బరువు తగ్గిస్తాననలేదు.

ఉప్పునేల దగ్గర బొల్లన్న తలెత్తి చూశాడు. వీపు నిండా ఊగుతున్న కంకులు.

“ఏమే, మళ్ళీ ఇంత బరువా? వీటినెందుకు మోస్తున్నావు?”

“పాతడానికి తాతా. ఎర్రగుట్ట మీద.”

బొల్లన్న ఉప్పు నాలుక ఒకసారి చప్పరించాడు. “అయితే మొయ్యి” అన్నాడు.

ఎందుకైనా మంచిదని ఎత్తుకున్న బరువు, దారికి అడ్డం పడడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.